నానమ్మ చెప్పిన వరుస

అక్కా,

పొద్దున్నుంచి ముసురు. అయినా గోతాం కప్పుకుని సమాధులు రెండూ తోమాను. సోమవారం తాతయ్య శతజయంతి సభ. రాత లేని రాయి తీసేస్తామని సభ ఏర్పాట్లు చూసే ఆఫీసరు చెప్పి వెళ్ళాడు.

తాతయ్య బిరుదులు లోతుగా చెక్కినవి, చెదరలేదు. నానమ్మ రాయి నున్నబడింది. ఏటా ఇటుకపొడితో రుద్ది అరగదీసింది మనమే.

"పేరు చెక్కేస్తా, చాలదా బాబూ?" అన్నాడు రాయి చెక్కడానికి పిలిచిన మేస్త్రీ.

చాలదన్నాను. పేరు కింద వరుస నానమ్మే చెప్పి చెక్కించుకుంది. "ఆయన మాటలు ఊరూరా విన్నారు, నాదొక్క మాట ఇక్కడ ఉండనీయండి" అనేది. నాకప్పటికి అక్షరాలు రావు, వచ్చేసరికి ఆ వరుస అరిగిపోయింది. నువ్వు దానిమీదే వేలు పెట్టి కూడబలుక్కుని చదువు నేర్చుకున్నావు. గుర్తుంటే ఆదివారంలోగా అందేలా రాసి పంపు.

మేస్త్రీ పేరు చెక్కి, కింద చోటు వదిలి, నాలుగింటికి వెళ్ళిపోయాడు.

నీ తమ్ముడు