పదిహేడు ఒకట్లు

రావల్‌కోల్,
10 నవంబర్ 1998

ప్రియమైన దీక్షిత్,

ఈ నెల రెండో తేదీ సాయంత్రం ఆరింటికి మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర మా బాపు సైకిల్‌ను లారీ గుద్దింది. అప్పటినుంచి కళ్లు తెరవలేదు. వెంటిలేటర్ మీద ఉన్నాడు. "మెదడు పని జేస్తలేదు. మిషిన్ తీసి ఇంటికి తీస్కపోతరా? కొడుకు సంతకం గావాలె" అన్నాడు డాక్టరు.

బాపు రైసుమిల్లులో హమాలీ అని నీకు తెలుసు. చదువు రాదు. పది బస్తాలు మోస్తే గోడమీద బొగ్గుతో ఒక గీత గీస్తాడు. ఆ రోజువి పదిహేడు గీతలు. నాకు అవి ఒకట్లలా కనిపించాయి: 11111111111111111.

మా అవ్వ, బాపు తల్లి, ఎల్లమ్మ దేవతకు మేకను మొక్కింది. దేవుణ్ణి నమ్మని నేను లెక్కకు మొక్కాను. ఈ సంఖ్యను ఏదైనా నిశ్శేషంగా భాగిస్తే బాపు లేస్తాడు. ప్రధాన సంఖ్య అయితే సంతకం పెడతాను. చేత్తో మూడు వేల దాకా భాగించి చూశాను, తెగలేదు. "ఆడ నా కొడుకు మిషిన్ మీదుంటే గీ ఒకట్లేంది బిడ్డా?" అంటోంది అవ్వ.

మీ యూనివర్సిటీ కంప్యూటర్‌ను అడుగు. అంకెలు తారుమారు చేయకు. డిగ్రీలో దిద్దడానికి పక్కన నేనుండేవాణ్ణి.

నీ
పరమేష్

విశాఖపట్నం,
14 నవంబర్

ఒరేయ్ పరమేష్,

మీ బాపు ఓదెలు బాబాయి సంగతి చదివి అన్నం తినలేకపోయాను. నీ సంఖ్య తెగుతుంది. 2017723ను 5363222357తో గుణించి చూడు.

తొమ్మిదుల తనిఖీ చేశాను. పదిహేడు ఒకట్ల మొత్తం 17, ఆ ఒకటీ ఏడూ కూడితే 8. ఈ రెండింటివీ అలాగే కూడితే 4, 2 వస్తాయి. వాటి లబ్ధమూ 8. సరిపోయింది. కానీ సంతకం మాత్రం డాక్టరు మాట విని చెయ్యరా, దీన్ని చూసి కాదు.

నీ
దీక్షిత్

రావల్‌కోల్,
18 నవంబర్

దీక్షిత్,

గుణించాను. 10821497103833111 వచ్చింది. నన్ను ఊరడించడానికి అబద్ధమాడావు. అంటే అది తెగదు. డాక్టరు సోమవారం దాకా గడువిచ్చాడు. ఇక నాకు రాయకు.

పరమేష్

రావల్‌కోల్,
21 నవంబర్

ప్రియమైన దీక్షిత్,

మొన్నటి ఉత్తరం చించెయ్.

నా లబ్ధంలో చివరి మూడు అంకెలూ ఒకట్లే. అబద్ధం అంత దగ్గరికి ఎలా వచ్చింది? పదిహేడు ఒకట్లకు ఎంత తక్కువైందో తీసి, దాన్ని నీ రెండో సంఖ్యతో భాగించాను. 54000 వచ్చింది, శేషం లేదు. మొదటి సంఖ్యకు అది కలిపితే 2071723. డెబ్బైఒకటిని పదిహేడు చేశావురా, ఎప్పటిలాగే. అంకెలు చోటు మారినా మొత్తం మారదు కాబట్టి నీ తనిఖీకి దొరకలేదు. మళ్లీ గుణించాను. పదిహేడు ఒకట్లు.

ఆసుపత్రికి పరుగెత్తాను. బాపు చెయ్యి పట్టుకుని "తెగింది బాపు" అన్నాను. చెయ్యి కదల్లేదు. పక్కన కూర్చున్న అవ్వ అడిగింది:

"ఎప్పుడు తెగింది బిడ్డా?"

అది ఎప్పుడూ తెగేదే. లారీ రాకముందు, బాపు ఆ గీతలు గీయకముందు కూడా. బాపు గురించి దానికేమీ తెలియదు.

"ఇగ ఇంటికి తీస్కపోదాం అవ్వా" అన్నాను. తలూపింది.

సోమవారం పదింటికి సంతకం పెడతాను. పదకొండుకు వెంటిలేటర్ తీస్తారు. అంబులెన్సును మిల్లు గోడ పక్కనుంచి పోనిమ్మని డ్రైవరుకు చెప్పాను.

నీ
పరమేష్