మంచి ప్రశ్న అడిగినారు

శుక్రవారం, మధ్యాహ్నం

నా బంగారు శిరీన్‌కు,

మీ అమ్మ దువాలతో రాయునది. ఇక్కడ నేను, మీ అబ్బ, జేజి అల్లా దయవల్ల కులాసాగా ఉన్నాము. నువ్వు కూడా ఆ హాస్టల్లో వేళకు తిని, వేళకు నిద్రపోతూ బాగున్నావని తలుస్తాను. కులాసా అని రాశానే గానీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. నేను నిలబడిన మన వార్డుకు నిన్న పోలింగ్ అయిపోయింది. రేపు లెక్కింపు. పొద్దున్నుంచి మిషను ముందు కూర్చోవడం, నాలుగు కుట్లు వేయడం, లేచి వాకిట్లోకి పోయి రావడం, ఇదే పని. ఒక జాకెట్టుకు ఎడమ చెయ్యి తెచ్చి కుడివైపు కుట్టి, మళ్ళీ విప్పాను. "ఇల్లంతా తిరగాకు కోడలా. ఆ పిల్లకు జాబన్నా రాయి" అని మీ జేజి కేకలేస్తే ఈ కాగితం తీశాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. పరీక్షలయ్యేదాకా ఆదివారం ఫోన్లు కూడా ఇవ్వరని రాశావు. పోయిన శనివారం నేను పోయిన టీవీ చర్చ గురించి నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. వరుసగా జవాబు చెబుతాను.

మొదటిది, చీర. నువ్వు చెప్పిన ఆకుపచ్చ గళ్ళ చీరే కట్టుకున్నాను. కర్నూలు స్టూడియోలో యాంకరమ్మ మధులత అది చూసి, గళ్ళు కెమెరాలో అదురుతాయని తన దుపట్టా తెచ్చి నా మీద కప్పింది. కాబట్టి చీర ఎవరికీ కనపడలేదు. దానిని అంత శ్రద్ధగా ఇస్త్రీ చేసింది మీ అబ్బ. పాపం, దారంతా నలగకుండా కూర్చోమని చెబుతూనే ఉన్నాడు.

రెండోది, మన వార్డుకు రెండుసార్లు కౌన్సిలరై, ఇప్పుడు నా మీద పోటీకి నిలబడిన శ్రీనివాసులు సారు, మనిద్దరం టీవీ ముందు కూర్చుని నవ్వుకునేవన్నీ చేశాడా అని అడిగావు. ఒక్కటీ వదల్లేదు. ఏ ప్రశ్న వేసినా ముందు "శానా మంచి ప్రశ్న అడిగినారు" అన్నాడు. ఇంకా కార్యక్రమం మొదలవక ముందు, ఏసీ చల్లగా ఉందా సార్ అని మధులత అడిగితే దానికీ అదే అన్నాడు. ఆయన ముందు ఒక కాగితాల కట్ట ఉంది. "ఆధారాలన్నీ నా దగ్గర ఉండాయి" అని రెండు నిమిషాలకొకసారి దానిని కెమెరా ముందు ఊపాడు. పక్కనే కూర్చున్నాను కదా, నాకు కనపడింది. అవి వాళ్ళ అమ్మాయి పెళ్ళికి మిగిలిపోయిన శుభలేఖలు. వీధిలైట్ల గురించి అడిగితే తన ఇరవై ఏళ్ళ ప్రజాసేవ గురించి చెప్పాడు. కాలువల గురించి అడిగితే నన్ను చూపించి, "మా చెల్లెలు మాట్లాడేటప్పుడు నేను మధ్యలో వచ్చినానా? నన్ను పూర్తి చేయనీయండి" అన్నాడు. అప్పటికి నేను ఇంకా నోరే తెరవలేదు. చివరికి కోపమొచ్చి, వెళ్ళిపోతానని కాలరుకున్న మైకు పీకేశాడు. ఆ తర్వాత ఆయన తిట్టిన తిట్లు ఎవరికీ వినపడలేదు. అది తెలిసి తనే మళ్ళీ తగిలించుకున్నాడు.

నన్ను చూసి కూడా నవ్వాల్సిందే. వారం రోజులు మీ అబ్బ నాకు తర్ఫీదు ఇచ్చాడు. జేజి గరిటె పట్టుకుని యాంకరు. జవాబు తెలియకపోతే చేతులు జోడించి 'మీ ఇంటి ఆడబిడ్డను' అనాలి. టైము కావాలంటే నీళ్ళు తాగాలి. స్టూడియోలో ఎన్నిసార్లు తాగానో, సగంలోనే గ్లాసు ఖాళీ అయింది. తర్వాత ఖాళీ గ్లాసునే ఎత్తి నోటికి పెట్టుకున్నాను.

ఇక మూడోది. ఓబుళేశు మామ అడిగిన దానికి నేనేం చెప్పాను అని.

ఇందాక లేచి దండెం మీది బట్టలు తీసి, మడిచిపెట్టి వచ్చాను. అవి ఇంకా ఆరలేదు. చూశావా, ఉత్తరంలో కూడా పక్కకు పోవాలని చూస్తున్నాను. చెబుతాను.

చానల్ వాళ్ళు మన వార్డు నుంచి పదిమందిని వ్యానులో తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. వాళ్ళలో మన వెనక వీధి ఓబుళేశు ఉన్నాడు. మైకు ఇస్తే లేచి నిలబడ్డాడు.

"వంకలో బండల పాలిష్ బురద పోస్తాండారు. పైన ఎండిపోయి నేల మాదిరి కనపడతాది. మొన్న మా పాడి ఎనుము దాంట్లో దిగి గొంతు వరకు కూరుకపాయ. తాళ్ళేసి లాగినా రాలేదు, సచ్చిపాయ. రేపు పిల్లోల్లు దిగితే ఎట్ల? ఆ ట్రాక్టరు ఎవురిది? ఎవురు ఆపుతారు? ఇద్దురూ చెప్పండి."

శ్రీనివాసులు, "శానా మంచి ప్రశ్న. ఇది ముందున్న పాలకవర్గం చేసిన పాపం" అన్నాడు. "ముందు కూడా మీరే కదా సార్" అంది మధులత. ఆయన శుభలేఖలు ఊపాడు.

తర్వాత నా వంతు. ఖాళీ గ్లాసు ఎత్తాను, దించాను. "శానా మంచి ప్రశ్న అడిగినావు అన్నా. ఆ వంక బాధ నాకంటే ఎవురికి తెలుసు? నేను గెలిచిన వారం లోపల కమిటీ ఏస్తా. ఎంత పెద్దోల్లైనా వదిలిపెట్టను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

శిరీన్, ఆ ట్రాక్టరు మీ అబ్బ పనిచేసే బండల పాలిష్ ఫ్యాక్టరీది. రోజుకు ఎన్ని ట్రిప్పులు వంకలో పోయాలో డ్రైవరుకు చెప్పేది మేస్త్రీగా మీ అబ్బే. ఈ సంగతి నాకు రెండేళ్ళుగా తెలుసు. నా ప్రచారానికి మైకు కట్టిన ఆటో పంపింది కూడా ఆ యజమానే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మీ అబ్బ ఎంతో సంతోషంగా ఉన్నాడు. "శానా బాగా తప్పించుకున్నావు షంషాద్. శ్రీనివాసులు గూడా అట్ల తప్పించుకోలేకపాయ" అన్నాడు. ఆయన మెచ్చుకోవడానికే అన్నాడు. నాకు ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూడటం తప్ప ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

సోమవారం పొద్దున ఓబుళేశు మన ఇంటికి వచ్చాడు. కొట్లాటకు వచ్చాడేమో అనుకున్నాను. జేబులోంచి నోటుబుక్కు కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

"కమిటీ ఏస్తానంటివి కదా వదినా. ఆరు పేర్లు రాసుకొచ్చినా. మన వీధోల్లే. ఎవురూ తాగరు. చూడు, సరిపోతారా?"

నేను అన్నది అతను నిజమని నమ్మాడు. చదువుకున్నవాళ్ళయితే విని మరిచిపోయేవాళ్ళు. అతను ఇంటికి పోయి, ఆలోచించి, పేర్లు రాసుకొచ్చాడు. ఆ కాగితం తిరిగి అతని వైపు చాపాను.

"అన్నా, ఆ ట్రాక్టరు మా ఆయన ఫ్యాక్టరీది. నాకు ముందే తెలుసు" అన్నాను.

అతను నా వైపు చూశాడు. కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచినీళ్ళు తెమ్మంటావా అనేలోగా గడప దాటి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆ మాట మీ అబ్బకు చెప్పాను. "పోలింగు ఇంక మూడు దినాలుండాది. ఆ తర్వాత చెప్పుంటే ఏమైతుండె?" అన్నాడు. ఆ ఒక్క మాటే. అన్నం కలిపిన పళ్ళెం అలాగే పెట్టి లేచాడు.

మంగళవారం సాయంత్రం మన వీధి మలుపులో చివరి ప్రచారం. ముందు అనుకున్నవేవీ నా నోట రాలేదు. బురద ఎవరిదో, ఎన్నాళ్ళుగా పోస్తున్నారో, నాకెప్పటినుంచి తెలుసో చెప్పాను. సగంలో మైకు ఆగిపోయింది. ఆటో డ్రైవరుకు యజమాని నుంచి ఫోనొచ్చింది, వైర్లు చుట్టుకుంటున్నాడు. మిగతాది గొంతెత్తి చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మరుసటి రోజు నుంచి పనికి రావద్దని యజమాని మీ అబ్బకు కబురు పంపాడు.

బుధవారం పొద్దున మీ అబ్బ నాతో మాట్లాడకుండానే, పెరట్లో ఉన్న పగుల్బండలు తోపుడుబండికెత్తి వంకకు తోసుకుపోయాడు. మనసు ఆగక వెనకే పోయాను. బురద గుంట చుట్టూ బండలు నాటి కంచె కడుతున్నాడు. కాసేపటికి ఓబుళేశు గడ్డపారతో వచ్చాడు.

"ఆడికి పోవద్దప్పా. ఆడ లోతుంది. అంచు నాకు తెలుసు. ఆ బండ ఇట్లందీ" అన్నాడు మీ అబ్బ.

ఓబుళేశు అందించాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ అలాగే బండలు నాటుతూ పోయారు.

శనివారం, సాయంత్రం

నిన్న ఇంతవరకు రాసి ఆపాను. ఈ రోజు లెక్కింపు అయిపోయింది. ముప్పై ఏడు ఓట్లతో ఓడిపోయాను. శ్రీనివాసులు టీవీలో "ఇది నా గెలుపు కాదు, ప్రజల గెలుపు" అన్నాడు. "మరి దండ నీ మెడలో ఎందుకేసుకున్నావు నాయనా" అని జేజి టీవీని అడిగింది. అయిదు రోజుల తర్వాత మీ అబ్బ నవ్వాడు.

ఇప్పుడే ఓబుళేశు వచ్చి వెళ్ళాడు. గడప అవతలే నిలబడి, "నీకు ఓటెయ్యలేదు వదినా. సోమవారం నీ మాట యిని కడుపు మండిపాయ. చెప్పకుంటే బాగుండదని చెప్తాండా" అన్నాడు.

"సరే అన్నా" అన్నాను.

"ఎల్లుండి కమిషనరు ఆఫీసులో అర్జీ ఇయ్యడానికి పోతాండాం. వస్తావా?"

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి మీ అబ్బ, "నేనూ వస్తా. ఎన్ని ట్రిప్పులు పడినాయో నాకు తెలుసు" అన్నాడు. ఆయన బేతంచెర్లలో రెండు మూడు ఫ్యాక్టరీల్లో పని అడిగి వచ్చాడు. ఇంకా కుదరలేదు. నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకుండా పరీక్షలు రాయి. నా మిషను ఉంది.

ఇంకొక మాట ఉంది. నిన్నటి నుంచి దీని చుట్టే తిరుగుతున్నాను. చర్చ అయిన మరునాడు, ఆదివారం, నువ్వు హాస్టల్ నుంచి ఫోను చేశావు. జేజి దగ్గర విని, "అమ్మా, ఆ ట్రాక్టరు ఎవరిది?" అని నన్ను రెండుసార్లు అడిగావు. వినపడటం లేదు, సిగ్నల్ లేదు అని పెట్టేశాను. వారానికి నీకు దొరికే అయిదు నిమిషాల్లో ఇంకా మూడు నిమిషాలు మిగిలే ఉన్నాయి. నీ మాట నాకు బాగానే వినపడింది, శిరీన్.

ఇట్లు,
ఆ రోజు ఫోను పెట్టేసిన మీ అమ్మ,
షంషాద్ బీ