ముగింపు ప్రార్థనలో తీర్మానం

రాయ్‌పూర్,
1981 ఆగస్టు, సోమవారం.

సంఘ అధ్యక్షులు, మా బావగారు దేవదాసు గారికి,

మీకు వందనాలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న ముగింపు ప్రార్థనలో మీరు, "ప్రభువా, ఈరోజుతో మా సంఘం డిస్పెన్సరీ నుంచి సెలవు తీసుకుంటున్న నర్సు రత్నకుమారిని దీవించు" అన్నారు. కళ్లు మూసుకున్న సభంతా అలవాటుగా ఆమెన్ అంది. రత్నకుమారి కూడా అంది. కళ్లు తెరిచాకే తన ఉద్యోగం పోయిందని ఆ పిల్లకు అర్థమైంది.

అదే డిస్పెన్సరీలో కాంపౌండరుగా ఉన్న నేను ఇదేమిటని అడిగితే, "ఛోడో బామ్మర్దీ, వదిలెయ్! సబ్ లోగ్ ఆమెన్ అన్నారు కదా, తీర్మానం పాసయిపోయింది" అని నవ్వారు.

ఆమె చేసిన తప్పేమిటి? సూదులు మరగబెట్టే స్టవ్‌ను మీ అమ్మాయి పెళ్లి వంటలకని పట్టుకుపోయి మీరు తిరిగి ఇవ్వలేదు. మరగబెట్టని సూది భన్‌పురి కూలీల పిల్లలకు పొడవనని ఆమె అంది. అంతే. బైబిల్లో యాజకుడు ఏలీ కొడుకులు దేవుని మందిరంలో బలి మాంసం ఉడికే కుండలోకి కొంకి గుచ్చి మాంసం లాక్కున్నారు. మీరు కుండ కింద పొయ్యినే ఎత్తుకుపోయారు! కమిటీలో అడిగేవాడేడీ? కమిటీ అంటే మీ తమ్ముడూ, మీ అల్లుడూనూ.

వచ్చే ఆదివారం ముగింపు ప్రార్థన వంతు నాది. "ప్రభువా, స్టవ్ తిరిగి తెచ్చిన దేవదాసును, మళ్లీ పనిలో చేరిన రత్నకుమారిని దీవించు" అంటాను. మైకు అక్కర్లేని గొంతు నాదని మీకు తెలుసు. సభ ఆమెన్ అంటుంది. మీ పద్ధతిలో తీర్మానం పాసయినట్టే.

దేవుని ముందు నా చేత అబద్ధమాడించకండి. శనివారం పొద్దుగూకేలోగా స్టవ్ డిస్పెన్సరీలో ఉండాలి.

అక్కకు మాత్రం నా వందనాలు.

మీ బావమరిది