కొళాయి ఎత్తు

చిట్టితల్లీ,

నువ్వు జ్వరంతో పోయి రెండు నెలలైంది. ఈరోజు దుగ్గిరాల యార్డులో పసుపు పని మానుకుని, అలవాటుగా మీ బడి కమిటీ మీటింగుకి వెళ్లాను. అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులే కమిటీలో ఉండాలి. అయినా నన్నెవరూ లెమ్మనలేదు.

అందట్లేదని నువ్వు రోజూ పేచీపెట్టిన మంచినీళ్ల కొళాయిని కిందికి దించుతారట.

“ఎంత ఎత్తులో పెట్టమంటారండి?” అని మేస్త్రి అడిగాడు.

నేను లేచి, నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. “ఒకటో క్లాసు పిల్ల ఇంతుంటదండి.”

మేస్త్రి దానికి కాస్త కిందుగా గోడమీద సుద్దగీత గీశాడు.

హెడ్‌మిస్ట్రెస్‌గారు తీర్మానాల పుస్తకం నా ముందుకు జరిపారు. సంతకం చేసి, పక్కన పిల్లల పేరూ తరగతీ రాసే గళ్లలో నీ పేరు రాశాను. తరగతి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

“ఒకటో తరగతనే రాయండమ్మా,” అన్నారావిడ మెల్లగా.

రాశాను తల్లీ. వచ్చే ఏడూ అదే రాస్తాను.

అమ్మ