గుంజ మీద గోనె

అక్కకు నమస్కరించి రాజీ రాసేది. నువ్వూ బావగారూ పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటున్నాను. మీ అత్తగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, దిగులు పడకు.

సోంపేట వదిలి ఈ ప్రత్తిపాడు వైపు వచ్చి మూడు నెలలైంది. మొదట్లో పొద్దుగూకితే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఇక్కడి పచ్చళ్ల కారం కూడా అలవాటైంది, ముక్కు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఎండలు అప్పుడే ముదిరాయి. నేను అద్దెకుండేది మరియమ్మగారి ఇంట్లో, పిన్ని అని పిలుస్తున్నాను. ఆవిడ పొలం కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఏడాది కష్టమంతా ఇప్పుడు కల్లంలో ఎండుతోంది.

నా పనేమిటని అడిగావు కదా. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి జ్వరం చూసేవారే, అలాంటి పెట్టెనే కల్లం పక్కన గుంజకు బిగించి ఆకాశానికి గురిపెట్టాం. మబ్బులేని ఆకాశం దానికి మంచుగడ్డ కంటే చల్లగా తగులుతుంది. మబ్బు అడ్డం వస్తే ఆ వెచ్చదనానికి అంకె పెరుగుతుంది. ఆ అంకె నా ఫోనుకు వస్తుంది, అది పెరిగితే వాన రావచ్చని రైతులకు చెప్పడమే నా పని. కల్లాల్లో పెద్ద లైట్లు వేస్తారు, ఆ వెలుగులో పైన చుక్కా తెలియదు, మబ్బూ తెలియదు.

సాయంత్రం కాయలు కుప్ప చేస్తారు. వాన భయముంటేనే పట్టాలు కప్పుతారు. ఊరికే కప్పితే కాయ చెమర్చి రంగు పోతుంది. పోయిన వారం చీకటి పడుతుండగా అంకె ఒక్కసారిగా ఎగబాకింది. పరుగెత్తి చెప్పాను. చుట్టుపక్కల రైతులు కూడా అన్నం ముందు నుంచి లేచొచ్చి పట్టాలు కప్పారు. తెల్లారినా చినుకు లేదు. వెళ్లి చూస్తే పెట్టె మీద గోనెసంచి ఉంది!

కప్పింది పిన్నే. ఆవిడే అందరి ముందూ ఒప్పుకుంది. "కాయ ఊడ్చేటప్పుడు కారం ధూళి లేస్తది గదా, పిల్ల మిషన్ పాడైద్దని కప్పా. తియ్యడం మర్చిపోయా," అంది. అందరూ నవ్వారు. కానీ కాయ రంగు తగ్గింది, నా మాట మీద నమ్మకమూ పోయింది. తల కొట్టేసినట్టయింది అక్కా.

మొన్న మళ్లీ చీకటివేళ అంకె పెరిగింది. చెబితే పిన్ని కాయ మళ్లీ చెమరుస్తుందేమో, చెప్పకపోతే ఏడాది కష్టం నీళ్లపాలేమో. చివరికి వెళ్లి చెప్పాను. పొరుగువాళ్లు కదల్లేదు. పిన్ని స్టూలెక్కి పెట్టె పైన చేత్తో తడిమి చూసింది. ఏమీ కప్పి లేదు. దిగి వాళ్లతో అంది:

"మిషన్ సంగతి నాకు తెలవదు. మా అమ్మాయి చెప్పింది. కప్పండి."

కోడి కూయకముందే గంటసేపు కుండపోత. ఏ కల్లంలోనూ ఒక్క కాయ తడవలేదు. పొద్దున పట్టాలు తీస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఘాటు తగిలిందన్నాను. పిన్ని నమ్మినట్టే పట్టా మడతపెట్టింది.

కొత్త జీడిపప్పు వస్తే కాస్త పంపు, పిన్నికివ్వాలి. మీ అత్తగారికీ బావగారికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. ఊరుగాని ఊళ్లో పిల్ల ఒంటరిదైపోయిందని అమ్మ బెంగపెట్టుకుందన్నావు కదా, ఇక్కడ కూతురి మీద తనతో వాటాకు ఇంకో అమ్మ వచ్చిందని చెప్పు.

నీ చెల్లెలు
రాజీ