వేలంలో పాడిన అరటిగెల

జ్ఞానమణీ, నా తమ్ముడు గాబ్రియేలు దొరగారు ఈ పూట మనింటికి భోజనానికి దయచేస్తున్నారంట. కోతపండగకు వాడు గుడికి కానుకిచ్చిన అరటిగెలను వేలంలో నేనే పాడుకున్నా కదా. "ఏమన్నా, నా తోట పండ్లు నచ్చినాయా?" అని అందరి ముందర అడిగినాడు. "శానా బాగుండాయప్పా, ఆ బావి తవ్వింది నేనే కదా" అన్నా.

ఆ పండ్లే నిలువుగా చీల్చి నేతిలో వేయించు. బెల్లం కరిగి ఎర్రగా పొంగగానే వాటి మీద పోసి దించు. మాడితే చేదెక్కుతుంది. వాని వంతు మాడినా ఫరవాలేదు. నేను మైదుకూరు పోతున్నా, ఎదురు చూడొద్దు.

నీకు రెండు ముక్కలు ముందే తీసిపెట్టుకో. ఇంకా కావాలా అని వాణ్ణి అడగొద్దు. తమ్ముడే కదా అని నేను కాగితం చదవకుండా సంతకం పెట్టిన నాడు కూడా వాడు చాలనలేదు. నా వంతంతా తీసుకున్నాడు, బావితో సహా మూడెకరాల నలభై సెంట్లు.