జీతం లేని ప్రవక్తలు

బావా,

ప్రవక్తల్లో నెల జీతం తీసుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించగలవా? మీ అమ్మాయి నాటకాల డిగ్రీకయ్యే ఖర్చూ, దానితో వచ్చే సంపాదనా లెక్కేసి, "మీ తమ్ముడి మాట వింటే పిల్ల అడుక్కుతింటుంది" అని అక్కతో అన్నావట. నీ లెక్క సరైనదే. బైబిల్లో చేప కడుపులో మూడు రోజులున్న మహానుభావుడికి ప్రయాణ భత్యమైనా రాలేదు మరి!

మొన్న ప్రార్థన కూటంలో నేను గంటసేపు ప్రసంగిస్తూ గొంతు చించుకుంటే నువ్వు గురక పెట్టావు. తర్వాత నాటికలో మీ అమ్మాయి, తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకై నిలబడి, "నాన్నా" అన్న ఒక్క మాటకే వెక్కి వెక్కి ఏడ్చావు. అక్క అడిగితే "కంట్లో దుమ్మే" అన్నావు.

ఆ విద్య ఇరవై ఏళ్లుగా అరుస్తున్నా నాకు రాలేదు. అది నేర్పే కాలేజీలో మీ అమ్మాయికి సీటొచ్చింది. ఫీజు గడువు ఈ సాయంత్రమే. ఈ ఉత్తరం తెచ్చిన పిల్ల నీ ఎదురుగానే ఉంది. చదవడం ఆపి బండి తియ్యి!